తిరిగి పోసిన లినక్స్ ఎందుకు లేవలేదు?

ప్రశ్న: ఉబుంటు సిస్టమ్ మొత్తాన్ని (120 జీబీ) ఫైల్ మేనేజర్‌తో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాను. డిస్క్ కొన్నప్పటి ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోనే ఉంది. ఎస్సెస్డీ పోయాక కొత్తదాంట్లోకి అదంతా తిరిగి కాపీ చేస్తే బూట్ కావడం లేదు. అసలు ఫుల్ బ్యాకప్ ఎలా తీయాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పటి ఉబుంటులో రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) కింద కనిపించే బిన్, లిబ్ నిజమైన ఫోల్డర్లు కావు. యూఎస్ఆర్ లోపలికి దారి చూపే సింబాలిక్ లింకులు. ఎక్స్‌ఫ్యాట్‌లో లింకులు నిలవవు. లిబ్ దారి లేకపోతే మొదటి ప్రోగ్రామే మొదలవ్వదు. ఫైళ్ల ఓనర్లు, పర్మిషన్లు కూడా పోయాయి కాబట్టి ఎలాగోలా లేచినా సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపేది) పనిచేయదు. ఆ కాపీలోంచి మీ ఫొటోలు, డాక్యుమెంట్లు తీసుకుని సిస్టమ్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఆ తర్వాత డిస్క్‌ని లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి ఫార్మాట్ చేసి, ఎంఎన్‌టీ లోపల ఒక ఫోల్డర్‌కి మౌంట్ చేయండి, అంటే డిస్క్ ఆ ఫోల్డర్‌లో తెరుచుకునేలా కలపండి. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్ ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీబీ1 అని రాయొద్దు, పెన్‌డ్రైవ్ ముందు తగిలిస్తే ఆ పేరు దానికి పోతుంది. యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబర్) రాసి, పక్కన నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా ఆగొద్దని చెప్పే మాట) పెట్టండి. లేదంటే డిస్క్ తగిలించని రోజు సిస్టమ్ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

కాపీకి ఆర్‌సింక్ అనే కమాండ్ చాలు, కానీ సుడోతో నడపాలి. ఓనర్లు, పర్మిషన్లు, లింకులు చెడకుండా ఉండటానికి ఆప్షన్లు చిన్న ఏ, పెద్ద ఏ, పెద్ద హెచ్, పెద్ద ఎక్స్ (-aAHX). చిన్న ఎక్స్ పొరపాటున పడిందో, వేరే పార్టిషన్‌లో ఉన్న హోమ్, ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లుండే చోటు) రెండూ కాపీ కాకుండా మిగిలిపోతాయి. ప్రాక్, సిస్, డెవ్, రన్, టీఎంపీ, ఎంఎన్‌టీ, మీడియా ఫోల్డర్లను ఎక్స్‌క్లూడ్ చేయండి. అయితే పేరు చివర స్లాష్, నక్షత్రం గుర్తు (*) పెట్టి లోపలివి మాత్రమే వదలాలి. ఖాళీ ఫోల్డర్లు ఉండి తీరాలి. రిస్టోర్ చేశాక బూట్‌లో ప్రాక్, సిస్ మౌంటయ్యేది వాటి మీదే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడ: డిస్క్ మౌంట్ కాకపోయినా ఎంఎన్‌టీ లోపలి ఆ ఫోల్డర్ ఉంటుంది. ఆర్‌సింక్ నిక్షేపంగా మీ ఎస్సెస్డీలోనే రాసుకుంటూ పోయి రూట్‌ని నింపేస్తుంది. స్క్రిప్ట్ మొదటి లైన్లోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చెక్ చేయించి, లేకపోతే ఆపేయండి. డిలీట్ ఆప్షన్ ఒక్కటే నమ్ముకోకండి, ఇక్కడ పొరపాటున తుడిచింది రాత్రికి అక్కడా పోతుంది. లింక్‌డెస్ట్ ఆప్షన్‌తో తేదీల వారీ ఫోల్డర్లు ఉంచితే మారని ఫైళ్లు రెండోసారి చోటు తినవు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే ముందు డంప్ (డేటా అంతా ఫైల్‌గా రాసుకోవడం) తీయండి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్ల కాపీ అతుకులబొంతే.

రిస్టోర్‌కి లైవ్ యూఎస్‌బీ (ఉబుంటు నేరుగా నడిచే పెన్‌డ్రైవ్)తో బూట్ చేసి, అదే ఆప్షన్లతో వెనక్కి కాపీ చేయండి. ఎఫ్‌స్టాబ్‌లో రూట్, ఈఎఫ్ఐ రెండింటి యూయూఐడీలు మార్చండి. డెవ్, ప్రాక్, సిస్‌లను బైండ్ చేసి (కాపీ చేసిన సిస్టమ్‌లోనూ కనిపించేలా కలిపి), సీహెచ్‌రూట్‌తో ఆ సిస్టమ్ లోపలికి వెళ్లి, సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్ గ్రబ్‌ని ఇన్‌స్టాల్ చేయండి, ఆపై గ్రబ్ అప్‌డేట్.

ప్రశ్న: ఇదే బ్యాకప్‌ని డీవీడీల్లో రాసుకోవచ్చా?

జవాబు: 120 జీబీకి 4.7 జీబీ డీవీడీలు 26 కావాలి. ఒకే కంప్రెస్డ్ టార్‌ని (ఫైళ్లన్నీ కట్టగట్టిన ఒకే ఫైల్‌ని) ముక్కలు చేసి రాస్తే, మధ్యలో ఒక్క డిస్క్ గీత పడినా ఆ తర్వాతదంతా దాదాపు చేజారినట్టే. సిస్టమ్‌ని హార్డ్‌డిస్క్‌లో ఉంచి, పెళ్లి ఫొటోల్లాంటివి మాత్రం టార్ చేయకుండా విడి ఫైళ్లుగా 25 జీబీ బ్లూరేలో రాసుకోండి.