బాత్రూమ్‌లో కనిపించే గుడ్డిపాముతో పిల్లలకు ప్రమాదమా?

కడపలో కింది అంతస్తు ఇల్లు, వాన పడిన రాత్రి బాత్రూమ్‌లో జానెడు కూడా లేని నల్లటి పాము, ఇంట్లో పాకే పిల్లవాడు. అది కట్లపాము పిల్లేమో, నిద్రలో చెవిలో దూరుతుందేమో అని మీ అత్తగారి భయం. ఇదే కదా మీరు అడిగింది? మీరు రాసిన గుర్తులన్నీ గుడ్డిపామువే. దానికి విషం లేదు. మనిషిని కరవడానికి ఆ నోరు చాలదు కూడా.

మాదీ కడపే, పాత బండల ఇల్లు. బండల సందుల్లో సున్నం రాలిన చోట, తులసికోట దగ్గర, జాలారిలో వానాకాలమంతా ఇవి కనిపిస్తూనే ఉంటాయి. మట్టిలోని దారులు నీటితో నిండితే పైకి రాక ఏం చేస్తాయి? నున్నటి గచ్చు మీద పట్టు దొరక్క కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడం చూసి జనం పగబట్టి మీదికి వస్తోందనుకుంటారు.

ఈసారి కనిపిస్తే చీపురు పుల్లతో తెల్ల కాగితం మీదికి ఎక్కించి, లైటు కింద పెట్టి చూడండి. లావు బాల్‌పెన్ రీఫిల్‌కు మించదు. వానపాముకు ఉండే ఉంగరాల్లాంటి గీతలు ఉండవు, జిగురు ఉండదు, ఒళ్లంతా పొడిగా మెరుస్తుంది. తల ఏదో తోక ఏదో మొదట తెలియదు. కాసేపు ఆగితే ఒక కొస నుంచి సన్నటి నాలుక ఆడుతుంది. అదే తల. అక్కడే పొలుసుల కింద రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవే కళ్లు. వెలుతురు, చీకటి తేడా తప్ప వాటికేమీ తెలియదు. చేతిలోకి తీసుకుంటే తోక చివరి చిన్న ముల్లుతో అరచేతిలో పొడుస్తుంది. కుట్టిందని కేకలు పెట్టేది దీనికే. మట్టిలో ముందుకు తోసుకోవడానికి ఆనించుకునే ముల్లు అది, అందులోనూ విషం లేదు.

కట్లపాము విషయంలో మాత్రం మీ అత్తగారి జాగ్రత్తను నేను తీసిపారేయను. దాని పిల్లకు పుట్టుకతోనే విషం ఉంటుంది. కానీ అది పుట్టినప్పుడే దాదాపు అడుగు పొడవు, ఒంటి మీద సన్నటి తెల్లటి పట్టీలు, కింద వెడల్పాటి పొట్ట పొలుసులు. గుడ్డిపాముకు వీపున, పొట్టన ఒకే సైజు పొలుసులు. పట్టీలు కనిపించినా, పొడవుగా అనిపించినా కాగితం, చీపురు పుల్ల జోలికి పోకుండా పిల్లవాణ్ణి తీసుకుని బయటికి వచ్చి పాములు పట్టేవారిని పిలవండి. కాటు పడితే 108కు ఫోను చేసి నేరుగా ఆసుపత్రికే, నాటు మందుల దగ్గరికి కాదు.

చెవి సంగతి మా నాయనమ్మా అనేది. గుడ్డిపాము తినేది చీమల గుడ్లు, పిల్లలు, చెదపురుగులు. చెవిలో దానికేం పని? చెదపురుగును తినే పద్ధతి మాత్రం చూడదగ్గదే. కొన్నిసార్లు తల తెంచి పారేసి మిగతాది మింగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు గమనించి రాశారు. ఇంకో విచిత్రం, ఈ జాతిలో ఇప్పటివరకు దొరికినవన్నీ ఆడవే. మగదానితో పని లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, కొత్త ఊళ్లో సంతతి మొదలవుతుంది. పూల మొక్కల వెంట అలాగే అమెరికా, ఆస్ట్రేలియా దాకా పాకింది. 1803లో ఫ్రాన్సులో దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారమైన పాము మన విశాఖపట్నంలో దొరికిందే.

చంపకండి. కాగితంతోనే ఎత్తి చెట్టు పాదులోని తడి మట్టిలో వదిలేయండి. పాకే పిల్లవాడున్న ఇంట్లో నేలంతా ఫినాయిలు, చీమల మందు చల్లుతారేమోనన్నదే నా భయం, పాము కన్నా అవే ప్రమాదం. తూముకు సన్న రంధ్రాల జాలీ బిగించి, బండల సందులు సిమెంటుతో పూడిస్తే రాక చాలా తగ్గుతుంది. అప్పటికీ తరచూ వస్తుంటే బాత్రూమ్ తలుపు చట్రాన్ని అడుగున వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే చెదలు పట్టినట్లే. పిలవాల్సింది వడ్రంగిని.