తేదీల వరస

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు రాస్తున్న జీవిత చరిత్ర మొదటి అధ్యాయం చదివాను. శైలి బాగుంది. కానీ “క్రమంగా ఆయన పలుకుబడి పెరిగింది” అనేసి ముందుకెళ్ళిపోయావు. ఏ నెలలో? దేనివల్ల?

ఇలాంటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన మనిషి అమెరికన్ జీవిత చరిత్రకారుడు రాబర్ట్ కారో. న్యూస్‌డే పత్రికలో ఉండగా మేనేజింగ్ ఎడిటర్ ఆలన్ హాథ్‌వే ఆయనకు చెప్పిన మాట: ఏదీ ఊహించుకోకు, ప్రతి పేజీ తిప్పు. తర్వాత అమెరికా అధ్యక్షుడిగా చేసిన లిండన్ జాన్సన్ చరిత్ర కోసం, ఆయన కాగితాలు దాచిన టెక్సస్‌లోని ఆస్టిన్ లైబ్రరీకి వెళితే అక్కడ కోట్ల పేజీలు. అన్నీ చదవడం ఎవరి తరం? అందుకే జాన్సన్ కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి ఏళ్ళ పెట్టెలు మాత్రం ఒక్క కాగితం వదలకుండా చదివాడు. 1940 అక్టోబర్ దాకా ఈ కుర్ర సభ్యుడే కాంగ్రెస్‌లోని పెద్దలను బతిమాలుతూ రాశాడు. నవంబర్ 5 ఎన్నికలు కాగానే, కాస్త టైమివ్వమని పెద్దలే ఇతనికి రాశారు! ఉత్తరాలు తేదీల వరసలో చదివాడు కాబట్టే అది కంటబడింది. మంచి పేరున్న ఫోల్డర్లు ఏరుకుని చదివేవాళ్ళకు దొరకదు.

ఏం మారిందని, ఆ రోజుల్లో వాషింగ్టన్ రాజకీయాల లోగుట్టు తెలిసిన టామీ కోర్కరన్‌ను అడిగితే “డబ్బు” అన్నాడు, రాతలో మాత్రం నీకేదీ దొరకదన్నాడు. దొరికింది. టెక్సస్ నిర్మాణ సంస్థ బ్రౌన్ అండ్ రూట్‌కు చెందిన కాంట్రాక్టర్ జార్జ్ బ్రౌన్ ఆ అక్టోబర్‌లో జాన్సన్‌కు పంపిన టెలిగ్రాం: చెక్కులు శుక్రవారానికి చేరాలి, సరిగ్గా అందాయనుకుంటాను అని. ఎన్నికల ఖర్చుకు జాన్సన్‌ను డబ్బడిగిన అభ్యర్థుల జాబితా కూడా దొరికింది, అంచుల్లో జాన్సన్ చేతిరాతతో. ఆ డబ్బు పంచేది ఇతనే కాబట్టి పెద్దలు ఇతని చుట్టూ తిరిగారన్నమాట. కాబట్టి నీ నోట్సులో ప్రతి ఉత్తరానికీ తేదీ, పెట్టె నంబరు, ఫోల్డరు పేరు రాసుకో. తర్వాత వెతకాలంటే చచ్చే చావు.

మనుషులతో మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకు. కారో తన నోట్‌బుక్‌లో “నోరు మూసుకో” అన్న మాటకు పొడి అక్షరాలు రాసుకునేవాడు. జాన్సన్ తమ్ముడు శామ్ హ్యూస్టన్ చెప్పిందే చెబుతుంటే, చిన్ననాటి ఇంట్లోని భోజనాల బల్ల దగ్గర అతను చిన్నప్పుడు కూర్చునే చోటే కూర్చోబెట్టి, తాను వెనకాల కూర్చున్నాడు. అప్పుడుగానీ తండ్రికీ లిండన్‌కీ మధ్య నడిచిన గొడవల కేకలు బయటికి రాలేదు.

ఇక రాత. పుస్తకమంతా ఒకటి నుంచి మూడు పేరాల్లోకి కుదిరేదాకా కారో మొదలుపెట్టడు. తర్వాత అధ్యాయాల ప్లాను గోడకు గుచ్చుతాడు. తొలి ప్రతులు చేత్తోనే, ఆ పైన టైప్‌రైటర్, రోజుకు 1000 పదాల లెక్క. ఇంత కట్టుబాటున్నా, న్యూయార్క్ రోడ్లూ వంతెనలూ కట్టించిన అధికారి రాబర్ట్ మోజెస్ మీద రాసిన పుస్తకం పది లక్షల పదాలు దాటింది, ఒక్క సంపుటిలో పట్టక దాదాపు మూడోవంతు కోసేశారు. 1974లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి.

మొదటి అధ్యాయం పక్కన పెట్టు. ముందు ఆ మూడు పేరాలు, నీ నాయకుడి ఉత్తరాల తేదీల పట్టికా పంపు.

నీ అన్నయ్య