సోలార్ సందేహాలు: పాత ట్యూబులర్ పక్కన కొత్త లిథియం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా, మిర్చి తోట. షెడ్డు దాకా కరెంటు లైను రాలేదు. 335 వాట్ల ప్యానెళ్లు రెండు, 12 వోల్టుల ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం) ఒకటి పెట్టి నాలుగేళ్లవుతోంది. ఈమధ్య రాత్రి పదింటికే ఇన్వర్టర్ కుయ్‌మంటోంది. 100 ఏహెచ్ లిథియం ఒకటి కొని పాతదానికి ప్యారలల్‌గా కలిపేద్దామనుకుంటున్నా. షాపతను "రెండూ 12 వోల్టులేగా, కలిసిపోతాయి" అంటున్నాడు. కలపొచ్చా?

జవాబు: వద్దండి. 12 వోల్టులనేది పిలుచుకునే పేరే, లోపల రెండిటి లెక్కా వేరు. ఫుల్ చార్జ్ అయిన ట్యూబులర్‌ని ఏ లోడూ లేకుండా నాలుగైదు గంటలు వదిలేసి మల్టీమీటర్ పెట్టి చూడండి, 12.7 దగ్గర ఉంటుంది. లిథియం అయితే (సోలార్‌కి అమ్మేది చాలావరకు లిథియం ఐరన్ ఫాస్ఫేటే) 13.3 చుట్టుపక్కల చూపిస్తుంది. అర వోల్టే కదా అనిపిస్తుంది కానీ, రెండిటినీ వైరుతో కలిపాక ఒక్క బల్బు వెలగకపోయినా లిథియంలోని చార్జ్ కొద్దికొద్దిగా పాతదాంట్లోకి జారుతూనే ఉంటుంది. లోడ్ వేస్తే మళ్లీ లిథియమే ముందు ఖాళీ అవుతుంది, ఎందుకంటే దాని వోల్టేజీ ఎక్కువ. అది అడుగంటాక గానీ ట్యూబులర్ పని మొదలుపెట్టదు. అంటే డబ్బు పోసి కొన్న కొత్తది రోజూ మొత్తం చాకిరీ చేస్తుంది, పాతది పక్కన కూర్చుని చూస్తుంది. చార్జింగ్ దగ్గర ఇంకా తేడా: ట్యూబులర్‌ని 14.4 నుంచి 14.8 దాకా ఎక్కించి అక్కడే కొన్ని గంటలు పట్టి ఉంచాలి, అప్పుడప్పుడు 15 దాటించి ఈక్వలైజ్ (సెల్లులన్నిటినీ సమానం చేసే అదనపు చార్జింగ్) కూడా చేస్తాం. లిథియంకి 14.2 చాలు, చేరిన కాసేపటికే నిండిపోతుంది, 15 చూపిస్తే దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చార్జింగ్‌ని టక్కున కట్ చేస్తుంది. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగ్ చూసుకునే ఒక్క కంట్రోలర్‌తో ఇద్దరినీ ఎలా మెప్పిస్తారు?

అసలు మీ ట్యూబులర్ నిజంగా పోయిందా అన్నది నా అనుమానం. కంట్రోలర్ ఏ రకమో మీరు రాయలేదు. 335 వాట్ల ప్యానెల్ పనిచేసే వోల్టేజీ దాదాపు 38, కరెంటు 9 ఆంపియర్ల లోపు. మీది పీడబ్ల్యూఎం కంట్రోలర్ అయితే అది ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెరగవు. అంటే రెండు ప్యానెళ్లకీ కలిపి 18 ఆంపియర్లు, 13.5 వోల్టులు: 670 వాట్లు కొనుక్కుని 240 వాట్లు వాడుకుంటున్నట్టు. ఇలాంటి షెడ్లు నేను చాలానే చూశాను, అందరూ బ్యాటరీనే తిడతారు.

అందుకని ముందు యాసిడ్ సాంద్రత చూపించే ఓ హైడ్రోమీటర్ తెచ్చుకోండి. బాగా ఎండ కాసిన రోజు సాయంత్రం ఆరు సెల్లులూ ఒక్కొక్కటే చూడండి. మన ట్యూబులర్లకి ఫుల్ చార్జ్‌లో మామూలుగా 1.240 దగ్గర రావాలి. ఆరూ ఒకేలా 1.180 దగ్గర తచ్చాడుతుంటే బ్యాటరీకి కడుపు నిండట్లేదని అర్థం, ప్యానెల్ ఎక్కువ వోల్టేజీని ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టి చూడండి (కరెంటు మాత్రం 20 ఆంపియర్లు దాటకుండా సెట్ చేసుకోండి, 150 ఏహెచ్ ట్యూబులర్‌కి అంతకుమించి దంచకూడదు). ఐదు బాగుండి ఒకటి మరీ కిందికి పడిపోయి ఉంటే ఆ సెల్ పోయినట్టే, ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి, సీసానికి ఎంతో కొంత వస్తుంది. ఆ తర్వాత లిథియం ఒక్కటే పెట్టుకోండి: కంట్రోలర్‌లో బూస్ట్ (నింపేటప్పటి వోల్టేజీ) 14.2, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.5, ఈక్వలైజ్ ఆఫ్, టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడిని బట్టి వోల్టేజీ మార్చడం) సున్నా. ఇన్వర్టర్‌లో లో కట్ (బ్యాటరీ ఎంతకి దిగితే ఆగిపోవాలో ఆ వోల్టేజీ) 10.5 దగ్గర ఉంటే, మార్చుకునే వీలుంటే 12కి పెంచండి, లిథియం 12కి దిగిందంటే లోపల పెద్దగా మిగిలేదేం ఉండదు.

ప్రశ్న: రెంటచింతల దగ్గర మా పొలంలో సోలార్ బ్యాటరీ. చలికాలంలో రెండు మూడు నెలలకోసారి నీళ్లు పోస్తే సరిపోయేది, ఏప్రిల్ వచ్చేసరికి పదిహేను రోజులకే దిగిపోతున్నాయి. సాయంత్రం ముట్టుకుంటే కాలుతోంది. కంట్రోలర్ పాడైందా?

జవాబు: కంట్రోలర్ పాడవలేదేమో, దానికి మీ ఊరి ఎండ సంగతి తెలియదంతే. దాని మీద రాసిన 14.4 అనేది 25 డిగ్రీల లెక్క. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడెక్కే కొద్దీ తక్కువ వోల్టేజీకే నిండుతుంది, డిగ్రీకి దాదాపు 24 మిల్లీవోల్టులు తగ్గించాలి. రేకుల షెడ్డులో బ్యాటరీ 45 డిగ్రీలకి చేరిందనుకోండి, 20 డిగ్రీల తేడా, అంటే సుమారు అర వోల్టు. 13.9 ఇవ్వాల్సిన చోట 14.4 ఇస్తే ఎక్కువైన కరెంటంతా నీళ్లని గ్యాస్ చేయడానికే పోతుంది.

కంట్రోలర్‌కి సన్నటి వైరు చివర పూస లాంటి సెన్సర్ వచ్చి ఉంటే దాన్ని బ్యాటరీ డబ్బాకే పక్కన టేపుతో అంటించండి. అది అట్టపెట్టెలోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో! సెన్సర్ లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా బూస్ట్‌ని మీరే 14కి తగ్గించుకోండి, వానలు పడ్డాక మళ్లీ పెంచుకోండి. బ్యాటరీని రేకుల కింద నుంచి తీసి నీడపట్టున, గాలి ఆడేచోట పెడితే సగం బాధ అక్కడే తీరుతుంది. నీళ్లు ఫుల్ చార్జ్ అయ్యాకే పోయాలి, ముందే పోస్తే చార్జ్ అయ్యేటప్పుడు మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి చార్జ్ పెట్టండి. డిస్టిల్డ్ వాటరే, ఆర్వో నీళ్లు కాదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే చార్జింగ్ ఆపేసి మెకానిక్‌కి చూపించండి. ఆ గదిలో బీడీ వెలిగించనివ్వకండి, పైకొచ్చేది హైడ్రోజన్.

ప్రశ్న: మాది ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని) బ్యాటరీ. కంట్రోలర్‌లో ఫ్లడెడ్, జెల్, సీల్డ్, లిథియం అని నాలుగున్నాయి. ఏది?

జవాబు: సీల్డ్. ఫ్లడెడ్‌లో పెడితే కొన్ని కంట్రోలర్లు నెలకోసారి వాటంతట అవే ఈక్వలైజ్ చేస్తాయి. మూత తీసి నీళ్లు పోసే వీలులేని బ్యాటరీకి అది చావుదెబ్బ. మొదట్లో మా డాబా మీది లైట్ల కోసం జెల్ బ్యాటరీ కొని, సెట్టింగ్ చూసుకోకుండా ఫ్లడెడ్‌లోనే వదిలేశాను. ఏడాది తిరిగేసరికి పక్కలు పూరీలా ఉబ్బిపోయాయి. తప్పు నాదే, అయినా వారం రోజులు షాపతన్ని తిట్టుకున్నాను.

ప్రశ్న: లంబసింగిలో చిన్న హోమ్‌స్టే కడుతున్నాం. లిథియం పెడితే చలికి పాడవుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. వాడుకోవడానికి ఇబ్బంది లేదు, చార్జింగ్‌కే ఈ గొడవ. మీ దగ్గర డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా దాకా వస్తాయి నిజమే, కానీ మంచు విడిపోయి ప్యానెళ్ల మీద ఎండ పడేసరికి పొద్దెక్కుతుంది, పైగా గోడల మధ్య ఉన్న బ్యాటరీ బయటి గాలంత చల్లబడదు. కాబట్టి వరండాలో కాకుండా గదిలో పెట్టండి, చలికి చార్జింగ్ ఆపేసే బీఎంఎస్ ఉందో లేదో అడిగి కొనండి.

నన్నడిగితే మీకు లిథియమే నయం. మబ్బులు, మంచు వరసగా నాలుగు రోజులు పట్టేస్తే బ్యాటరీ సగం చార్జ్‌లోనే ఉండిపోతుంది. ట్యూబులర్‌ని అలా పదేపదే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, లిథియంకి ఆ బాధ లేదు. ఒక్కటి మాత్రం మీ ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి: కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ వైర్లు, తర్వాతే ప్యానెల్ వైర్లు. తీసేటప్పుడు ముందు ప్యానెల్.