డెట్, డౌట్ స్పెల్లింగుల్లో పలకని 'బి' ఎందుకుంది?

ఒకప్పుడు పలికేవారు, తర్వాత మానేశారు అని చాలామంది అనుకుంటారు. కానీ ఇంగ్లిష్‌లో ఆ 'బి'ని ఎప్పుడూ పలకలేదు. ఈ రెండు మాటలూ ఫ్రెంచ్ నుంచి వచ్చినవి. అప్పు అనే అర్థమున్న డెట్‌ని మధ్యయుగంలో డి-ఈ-టి-టి-ఈ అని, 'బి' లేకుండానే రాసేవారు. ఫ్రెంచ్‌లో ఇప్పటికీ అదే స్పెల్లింగ్.

15, 16 శతాబ్దాల్లో పండితులకు లాటిన్ మీద మక్కువ పెరిగింది. మూలం లాటిన్‌లోని డెబిటుమ్, డుబిటారే కదా, ఆ జాడ కనిపించాలని 'బి'ని చేర్చారు. రాత మారింది గానీ జనం నోట పలుకు మారలేదు.

ఇక్కడైనా మూలం నిజమే. ఐలండ్ సంగతి మరీ అన్యాయం! అది అచ్చమైన పాత ఇంగ్లిష్ మాట, అందులో 'ఎస్' లేదు. లాటిన్ ఇన్సులా నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన, ద్వీపం అనే అర్థమే ఉన్న ఐల్‌కి చుట్టమనుకుని, దాని 'ఎస్'ని దీనికీ తగిలించారు.

రిసీట్‌లో పలకని 'పి' కూడా లాటిన్‌ని చూసి పెట్టిందే. అదే ధాతువు నుంచి పుట్టిన డిసీట్ (మోసం), గర్వం అనే అర్థమున్న కన్సీట్‌లలో మాత్రం 'పి' నిలవలేదు.