వెలుగుతోంది కదా అని ఊరుకోకు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, వీడికి సంబంధాలు చూస్తుంటే వీడేమో ఊసరవెల్లిని తెచ్చుకుంటానంటున్నాడు, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. వాడి టెన్షన్ వాడిది. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మా ఇంట్లో గోంగూర ఉన్న రోజులన్నీ గుర్తొచ్చాయి. మీ బావ పెంచిన ఊసరవెల్లి పేరు అదే. నువ్వప్పుడు గుంటూరులో ఏ మూడో క్లాసో చదువుతున్నావు, నీకు గుర్తుండదు.

మీ తాతయ్య ఉంటే నిన్ను చూసి మురిసిపోయేవాడు. మా చిన్నప్పుడు వినుకొండ దగ్గర మన చేలో తుమ్మచెట్టు మీద ఊసరవెల్లి కనబడితే చాలు, అపశకునం అని పిల్లలంతా రాళ్లు విసిరేవాళ్లు. తాతయ్య చేతికర్రతో వచ్చి చెట్టు కింద నిలబడేవాడు. "దాని బతుకంతా ఆ కొమ్మ మీదే కదరా, దాని జోలికెందుకు" అనేవాడు. అక్కడి మన ఊసరవెల్లికి ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అండగా ఉంది, పట్టి పెంచితే నేరం. నువ్వు తెచ్చుకునేది యెమెన్ వైపు కొండల జాతి, వెయిల్డ్ కమీలియన్. అమెరికాలో ఇళ్లలోనే పిల్లలు చేయించి అమ్ముతారు. అలా పుట్టినదాన్నే కొను. అడవిలో పట్టి తెచ్చినవాటికి పురుగుల రోగాలెక్కువ, భయమూ ఎక్కువ.

కేజ్ కొనేటప్పుడు తాతయ్య మాట గుర్తుపెట్టుకో. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు ఉన్న జాలీ కేజ్ తీసుకో. దాన్ని నేల మీద పెట్టొద్దు, బల్ల మీద పెట్టు. పై కొమ్మ నీ కళ్ల కంటే ఎత్తులో ఉండాలి. మనం పైనుంచి వంగి చూస్తే దానికి గద్ద వచ్చినట్టే. లోపల మనీప్లాంటు, మందార, అంబ్రెల్లా మొక్క పెట్టు. ఇది ఆకులు కూడా కొరుకుతుంది, అందుకని నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను బాగా కడిగి, మట్టి మార్చి పెట్టు. అడుగున మట్టీ చెక్కపొట్టూ ఏమీ పరవకు, నాలుకకు అంటుకుని కడుపులోకి పోతాయి.

మేముండే హ్యూస్టన్‌లో గాలే తడిగుడ్డలా ఉంటుంది. నువ్వుండే ఫీనిక్స్ అలా కాదు, గాలి పొడి. వెనకవైపు, రెండు పక్కలా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు చుట్టు, లేకపోతే చల్లిన నీళ్లు నిమిషాల్లో ఆరిపోతాయి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట మాత్రం పెట్టొద్దు. గిన్నెలో నీళ్లు పెడితే దానికవి నీళ్లని తెలియదు. ఆకు చివర వేలాడే బొట్టు మెరిస్తేనే తెలుస్తుంది. గోంగూర ఒక కన్ను ఆ బొట్టు మీద పెట్టి, రెండో కన్ను నా వైపు తిప్పి, నేను కదలనని నమ్మకం కుదిరాక మూతి చాచి బొట్టును అందుకునేది. గొంతు కింద చర్మం ఒక్కసారి ఆడేది. నేను కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. తెల్లవారుజామున లైట్లు వెలగకముందే ఒకసారి, రాత్రి ఆరాక ఒకసారి స్ప్రే చెయ్యి. పగలు ఆకులు ఆరిపోవాలి. రోజంతా తడిగా ఉంటే ఊపిరితిత్తులు పాడవుతాయి. అక్కడి కుళాయి నీళ్లలో ఉప్పెక్కువ, స్ప్రే మూతి పూడుకుపోతుంది, ఆర్‌ఓ నీళ్లు వాడు.

వేడి బల్బు విషయంలో నా మాట కాదనకు. బల్బు జాలీ బయట, పైన ఉండాలి. దాంతో వచ్చే క్లిప్పును నమ్మకు, గొలుసుతో పైకప్పుకు వేలాడదీయి. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఆ క్లిప్పు జారి కార్పెట్ మీద పడితే అన్న ఆలోచనకే నాకు కాళ్లు చల్లబడతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడకు ఎత్తుగా బిగించు. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడే వైరు వెంట జారిన నీళ్లు ప్లగ్గులోకి పోకుండా కింద కారిపోతాయి. పై కొమ్మ మీద అది కూర్చునే చోట 85 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. కొలిచేటప్పుడు థర్మామీటర్ దాని నెత్తి మీది కిరీటం వచ్చే ఎత్తులో పట్టుకో, ముందు కాలేది ఆ కిరీటమే. రాత్రి ఏ లైటూ వద్దు, ఎర్రబల్బు కూడా వద్దు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి.

2007లో మీ బావ ఆరో క్లాసులో ఉండగా గోంగూరను తెచ్చాం. ఎండకు బదులుగా పెట్టే యూవీ ట్యూబు లైటు కూడా కొన్నాం, కేజ్‌ను కిటికీ పక్కనే పెట్టాం. ఎండ బాగా వస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. 2009లో మీ మామయ్య ఉద్యోగం పోయింది. ప్రతి డాలరూ లెక్కపెట్టుకునే రోజులు. "అమ్మా, ట్యూబు మార్చాలి, దాని టైమ్ అయిపోయింది" అని మీ బావ రెండుసార్లు అడిగాడు. "వెలుగుతోంది కదరా, వెలిగే లైటు తీసి పారేస్తామా?" అన్నాను. వాడు మళ్లీ అడగలేదు.

ట్యూబు తెల్లగా వెలుగుతూనే ఉంటుంది చిన్నా. మన కంటికి కనిపించని యూవీ-బీ కిరణం మాత్రం లోపల సన్నగిల్లిపోతుంది. కిటికీలోంచి వచ్చే ఎండలోనూ అది ఉండదు, అద్దం దాన్ని ఆపేస్తుంది. ఈ రెండూ అప్పుడు నాకు తెలియవు. కాల్షియం పొడి చల్లుతూనే ఉన్నాం, కాబట్టి బాగానే ఉందనుకున్నాను.

మొదట అది పై కొమ్మ ఎక్కడం మానేసింది. బద్ధకం అనుకున్నాం. తర్వాత ఒకరోజు కీచురాయి మీదికి నాలుక విసిరింది. ఎప్పుడూ బాణంలా పోయే నాలుక సగం దూరంలోనే తాడులా వాలిపోయింది. దాన్ని లోపలికి లాక్కోవడానికి ఎంతసేపు తిప్పలు పడిందో. అప్పుడు దగ్గరికెళ్లి చూశాను, ముంజేయి వంగి ఉంది, విల్లు వంచినట్టు.

సరీసృపాలను చూసే డాక్టరు మా ఇంటికి గంట దూరం. ఆవిడ ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఊసరవెల్లి ఎక్స్‌రే పక్కన పెట్టి చూపించింది. అందులో ఎముకలు సుద్దముక్కతో గీసినట్టున్నాయి. గోంగూరవి పొగలా ఉన్నాయి. చర్మానికి యూవీ-బీ తగిలితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుందట, అది లేకపోతే తిన్న కాల్షియం వంటబట్టదట, రక్తానికి కావలసింది ఎముకల్లోంచే లాక్కుంటుందట. ఆ రోజు కట్టిన బిల్లుతో పది ట్యూబులు వచ్చేవి. తిరిగొచ్చేటప్పుడు మీ బావ డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "నేను అడిగాను కదమ్మా" అని ఒక్కమాట అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

నోట్లో చుక్కల మందు వేశాం, కొత్త ట్యూబు పెట్టాం. ఎముకలు గట్టిపడ్డాయి కానీ చెయ్యి వంకర పోలేదు. మీ మామయ్య కొమ్మలన్నీ కిందికి దించి, పట్టు దొరికేలా పురికొస చుట్టాడు. అలా ఇంకో మూడేళ్లు బతికింది.

అందుకని, చుట్టలు తిరిగిన చిన్న బల్బు వద్దు, పొడుగాటి టీ5 రకం యూవీ-బీ ట్యూబు కొను, 5.0 లేదా 6 శాతం రాసి ఉన్నది. అది పై కొమ్మ మీద కూర్చుంటే దాని వీపుకు, ట్యూబుకు మధ్య ఎనిమిది తొమ్మిది అంగుళాలుండాలి. టైమర్ పెట్టి రోజుకు 12 గంటలు వెలిగించు. బిగించిన రోజే ట్యూబు చివర మార్కర్‌తో తేదీ రాయి. ఏడాది తిరిగేలోపు మార్చెయ్, ఎంత వెలుగుతున్నా సరే. డబ్బుకు ఇబ్బందైతే నన్నడుగు, సిగ్గుపడకు.

తిండి పెద్ద కష్టం కాదు. కీచురాళ్లకు ముందురోజు ఆకుకూర బాగా మేపి, డీ3 లేని కాల్షియం పొడి చల్లి పెట్టు. డీ3 ఉన్న పొడి నెలకు రెండుసార్లే. బయట దొరికే మిణుగురును మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఒక్కటి తిన్నా చచ్చిపోవచ్చు.

ఆడదా మగదా చూశావా? వెనక పాదం మడమ దగ్గర చిన్న బుడిపె ఉంటే మగది, పిల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. అడుగు లోతు తడి ఇసుక ఉన్న తొట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే బిగుసుకుని ప్రాణం మీదికొస్తుంది. అది తవ్వుతున్నప్పుడు తొంగి చూడకు, మధ్యలో మానేస్తుంది. వీలైతే మగదాన్నే తెచ్చుకో, మొదటిసారి కదా. ఒంటరిగా ఉందని జాలిపడి రెండోదాన్ని తేకు, వాటికి తోడంటే పగే. భుజం మీద ఎక్కించుకుని రీల్స్ తీశావని తెలిస్తే ఊరుకోను. చేతిలో నల్లబడిందంటే అది భయం, దించెయ్. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. సంక్రాంతికి మూడు వారాలు ఇంటికొస్తే ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడిపెట్టుకో. ఎవరూ దొరక్కపోతే నేనే వస్తాను.

కేజ్ మొత్తం సిద్ధం చేశాక ఊసరవెల్లిని వెంటనే తేవద్దు. పదిరోజులు ఖాళీగానే నడిపించు. పైన, మధ్యలో, కింద వేడి ఎంతుందో, పొద్దున, రాత్రి తేమ ఎంతుందో రాసి నాకు వాట్సాప్ చెయ్యి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

గోంగూర కొమ్మ మీ బావ గరాజ్‌లో ఇంకా ఉంది, పురికొస అలాగే ఉంది. నీకు పంపుతానన్నాడు. వచ్చాక మరిగే నీళ్లు పోసి కడిగి, నీ ఫీనిక్స్ ఎండలో రెండురోజులు ఆరబెట్టి పెట్టుకో. నీ ఊసరవెల్లికి చెయ్యి బాగానే ఉంటుంది, కొమ్మను పైనే కట్టు.

అత్తయ్య