అటూ ఇటూ పలికే పేరు: మా పాప విషయంలో ఏం జరిగిందంటే

మీది తెలుగు, మీ ఆయనది వేరే భాష, రెండు వైపులవాళ్లకీ నోరు తిరిగే పేరు కావాలని అడిగారు. మా ఇంట్లో తెలుగూ స్పానిషూ. పాప పుట్టబోయే ముందు నాలుగు నెలలు ఇదే పంచాయితీ నడిచింది.

నేను పట్టుబట్టింది జాహ్నవి. కాగితం మీద రాసిస్తే మా బావమరిది 'ఖానబి' అని చదివాడు. స్పానిష్‌లో జె అక్షరాన్ని గొంతులోంచి పలుకుతారు, హెచ్ పలకరు, వి అయితే 'బ' అయిపోతుంది. ఆ లెక్కన వేద కూడా బేద అవుతుందని కొట్టేశాం.

మీర అందరికీ నచ్చింది. తీరా చూస్తే స్పానిష్‌లో 'మీరా' అంటే 'చూడు' అట. మా అత్తగారికి మాటకు ముందొక మీరా, వెనకొక మీరా. ఓ రోజు భోజనాల దగ్గర లెక్కపెట్టాను, పది నిమిషాల్లో పదకొండు సార్లు! ఇటు మనవాళ్లేమో 'ఎవరూ, మీరా?' అంటుంటారు. పాప ఎటని తిరుగుతుంది? తార అందామంటే వాళ్లకది 'లోపం'.

చివరికి లీల. ఇక్కడ స్పెల్లింగ్‌తో పెద్ద టెన్షన్. మన అలవాటు ప్రకారం రెండు ఈలు పెడితే వాళ్లు 'లేయెలా' అని చదువుతారు, 'దాన్ని చదువు' అని అర్థం. ఒక్క ఐ పెడితే చక్కగా లీలా, వాళ్ల భాషలో ఓ లేత ఊదారంగు పువ్వు. ఇంగ్లీషువాళ్లు కొందరు 'లైలా' అంటారు. ఒకసారి సరిదిద్దితే సరిపోతోంది.

కాబట్టి పేరు పలికి వినిపించి 'బాగుందా' అని అడగకండి. విన్నది తిరిగి అనడం ఎవరికైనా వచ్చు. రాసి చూపించి, చదవమనండి. అసలు గుట్టంతా అక్కడే బయటపడుతుంది. మీ ఆయనది ఏ భాషో రాయలేదు. అరబిక్ అయితే అందులో 'ప' లేదు, పల్లవి బల్లవి అయ్యే అవకాశం ఉంది. రష్యన్ అయితే నికిత జోలికి పోవద్దు, అది మగవాళ్ల పేరు. సోవియట్ నేత క్రుశ్చేవ్ పేరు అదే. ఇటాలియన్‌లో ఆండ్రియా కూడా అంతే.

అన్నట్టు, స్పెయిన్‌లో వాడుక మాటగా లీలా అంటే 'వెర్రిబాగుల మనిషి' అనే అర్థం కూడా ఉందని పాపకు ఏడాది నిండాక తెలిసింది. మా ఆవిడ ఇంకా నాతో ఒప్పుకోవడం లేదు, అలా ఎవరూ అనరట.