ఇంజిన్ మార్చాక హెడ్ పగిలింది... నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పాత టాటా లారీ ఒక్కటే ఉంది, నేనే నడుపుకొంటాను. 2024 ఆగస్టు 12న విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో సెకండ్ హ్యాండ్ కమ్మిన్స్ 6బీటీ ఇంజిన్ వేయించాను. ఇంజిన్, థర్మోస్టాట్ (వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం), టెంపరేచర్ సెండర్ (నీళ్ల వేడిని గేజ్‌కు తెలిపే పార్టు), మజూరీ కలిపి రూ.2.85 లక్షలు ఫోన్‌పే చేశాను. బిల్లు లేదు, తెల్లకాగితం మీద లెక్క రాసిచ్చారు. డిసెంబరు 3న లోడుతో వెళ్తుంటే ఆవిరి లేచి బండి ఆగిపోయింది. అప్పుడు కూడా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. షెడ్డుకు చెప్పకుండా, ఫొటోలు తీయకుండా మా ఊరి మేస్త్రితో విప్పిస్తే హెడ్ (సిలిండర్ల మీది మూత) పగిలి ఉంది. షెడ్డు వాళ్లు నీళ్లు చూసుకోలేదంటారు, 'పండగ పోయాక చూద్దాం' అంటూ 2026 మార్చి దాకా తిప్పారు. ఇల్లు తాకట్టులో ఉంది. తెలిసినాయన పాత తేదీతో జీఎస్టీ బిల్లు ఇస్తానంటున్నారు, తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ బిల్లు ముట్టుకోకండి. మీ ఫిర్యాదు వెళ్లేది వినియోగదారుల కమిషన్‌కు, దాని విచారణ చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. మీ ఫోన్‌పే చెల్లింపు, వాళ్ల చేతిరాత లెక్క అసలైనవి. వాటికి దొంగ బిల్లు జతచేస్తే అవీ దొంగవే అనిపిస్తాయి.

మీ కేసును తేల్చేది మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం: ముల్లు సగం దాటలేదు. అది బిగించినవాళ్ల తప్పు వల్లేనని రుజువైతే కేసు మీది, లేకపోతే వాళ్లది.

సెండర్‌లో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది, గేజ్ ఆ నిరోధాన్నే చదువుతుంది. మీ డ్యాష్‌బోర్డు గేజ్ పాత ఇంజిన్ సెండర్‌కు జత. మర చుట్లు సరిపోయాయని వేరే సెండర్ బిగిస్తే, అదే వేడికి ఎక్కువ ఓములు (నిరోధం కొలత) చూపే రకమైనప్పుడు ముల్లు కిందే ఉండిపోతుంది. ఒంటి వైరు సెండర్‌కు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుంది. లీకు కాకూడదని తెల్ల టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగా అందక అప్పుడూ ముల్లు లేవదు. ఈ రెండూ బిగించినవాళ్ల తప్పులు. మూడో కారణం వాళ్లకు కలిసొచ్చేది: నీళ్లు కారిపోయి సెండర్ కొన ఆవిరిలో ఉంటే, సరైన సెండర్ కూడా తక్కువే చూపుతుంది. వాళ్ల వకీలు మొదట పట్టుకునేది దీన్నే.

అందుకే హెడ్ విప్పించే ముందు షెడ్డుకు కబురు పెట్టకపోవడం, ఒక్క ఫొటో తీయకపోవడం పెద్ద నిర్లక్ష్యం. రేడియేటర్, గొట్టాలు ఎలా ఉన్నాయో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. మిగిలినదైనా కాపాడుకోండి. సెండర్ హెడ్‌లోనే ఉంటే టేపుతో సహా అలాగే ఉంచండి. గేజ్, వైరు, థర్మోస్టాట్ హౌసింగ్ విప్పొద్దు, హెడ్ వెల్డింగుకు ఇవ్వొద్దు. పాత ఇంజిన్ సెండర్ దొరికితే అదీ దాచండి, పోల్చడానికి అదే కొలబద్ద.

ఆ తర్వాత షెడ్డుకు స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు వచ్చేలా నోటీసు పంపండి. 15 రోజుల తర్వాతి తేదీ ఇచ్చి, ఉమ్మడి తనిఖీకి రమ్మని రాయండి. రాకపోయినా ఆ రోజు మెకానికల్ ఇంజినీరు, ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ పార్టుల నంబర్లు, టేపు, థర్మోస్టాట్ అంచు మీద చెక్కిన డిగ్రీ రాయించండి. పరీక్షలు మాత్రం అక్కడ చేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషనే పార్టులకు సీలు వేసి ల్యాబుకు పంపాలని ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టండి, ఖర్చు మీరు కట్టాలి. అడగవలసిన పరీక్షలు రెండు. సెండర్‌ను 40, 60, 80, 95 డిగ్రీల నీళ్లలో ముంచి ఓములు కొలిచి గేజ్ పట్టికతో పోల్చడం. థర్మోస్టాట్‌ను గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి ఎక్కడ తెరుచుకుందో చూడడం. ఈ ఇంజిన్‌కు సాధారణంగా 83 దగ్గర మొదలై 95కు పూర్తిగా తెరుచుకోవాలి. అలా తెరుచుకుంటే ఫిర్యాదులో థర్మోస్టాట్ మాటే తీసేయండి. అసలు హౌసింగ్‌లో థర్మోస్టాటే లేకపోతే, బైపాస్ (రేడియేటర్‌ను తప్పించే దారి) ఎప్పుడూ తెరిచే ఉండి కొంత వేడినీరు రేడియేటర్‌కు పోకుండా, చల్లబడకుండానే ఇంజిన్‌కు తిరిగొస్తుంది. అయితే దాన్ని తీసింది మీ ఊరి మేస్త్రి కాదని ఆయన అఫిడవిట్ కావాలి.

ఫిర్యాదుకు గడువు అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. హెడ్ పగిలిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడొద్దు. ఇంజిన్ బిగించిన రోజు నుంచే లెక్కేసి, 2026 ఆగస్టు 11లోగా వేయండి. 'పండగ పోయాక చూద్దాం' అన్న నోటిమాటలు గడువును ఒక్క రోజు కూడా పెంచవు.

లారీ వ్యాపారానిది కాబట్టి మీరు వినియోగదారు కాదని షెడ్డు వాళ్లు అంటారు. సొంతంగా నడుపుకొని బతికే లారీ యజమాని వినియోగదారేనని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ లైసెన్సు, మీ పేరున్న బిల్టీలు (సరుకు రవాణా రసీదులు) జతచేయండి. డ్రైవర్‌ను పెట్టుకున్నారని తేలితే ఈ రక్షణ చిక్కుల్లో పడుతుంది.

ఇంకొకటి మీరు రాయలేదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించారా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. తెలపకపోతే ఆలస్యమైనా ఇప్పుడే దరఖాస్తు చేసి రసీదు దగ్గర ఉంచుకోండి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, విజయవాడ వెళ్లక్కర్లేదు. చెల్లించినది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. షెడ్డు వాళ్లతో వాట్సాప్ సందేశాలుంటే వాటికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి. ఫోన్ మార్చకండి.